నేలమాళిగలో చలికాలం

రాత్రి పదకొండు. ఎండ ఇంకా దిగలేదు.
కిటికీకి రగ్గు కట్టాను, రగ్గు మీద నా పాత కోటు కట్టాను,
మేకు పక్కన అగ్గిపెట్టంత సందు మిగిలింది.
అందులోంచి దూరిన వెలుతురు పుల్ల
సరిగ్గా కున్నేయ్ కంట్లోనే గుచ్చుకుంటుంది.
"పొద్దే పడుకోలేదు, నేనెందుకు పడుకోవాలి నాన్నా?"
మూడేళ్ళ పిల్ల.
తొమ్మిది నెలలు బడిలో ఊరి పిల్లలకు
భూమి ఎటు వంగి తిరుగుతుందో బంతితో చూపించినవాణ్ణి,
ఈ ఒక్కదానికి నా దగ్గర జవాబు లేదు.

తుయారా లేనా నదికి అవతల, యాకూత్స్క్ ఆసుపత్రిలో.
నాలుగు రోజులు డ్యూటీ, మూడు రోజులు మేము.
పడవ ఎప్పుడు ఒడ్డు చేరితే అప్పుడే ఆమె.
వెళ్తూ ఫ్రిజ్ మీద చీటీ అంటించింది:
దోమల మందు. ఐతాల్ చెవిలో చుక్కలు. పాలు కాచాకే.
చివర ఇంకేదో రాసి కొట్టేసింది, అడ్డంగా, నిలువుగా, మళ్ళీ అడ్డంగా.
టీ మరిగేలోపు రోజూ ఆ కొట్టివేత వంకే చూస్తుంటాను.

పగలు ఏం చేశావని అడిగితే
చెప్పుకోవడానికేమీ ఉండదు.
ఒక చెప్పు దొరికింది. రెండోది కుక్కకు తెలుసు.
నీలం కప్పు కోసం యుద్ధం,
ఇద్దరికీ నీలం కప్పే ఇస్తే
"వాడి నీలం ఎక్కువ నీలం" అని ఇంకో యుద్ధం.
సీసా నిండా అడవి స్ట్రాబెర్రీలు కోసుకొస్తామని వెళ్ళి
అయిదు తెచ్చారు, మూతులు మాత్రం ఎర్రగా.
సాయంత్రం బకెట్లో ఎండు పేడ రాజేస్తాను,
దోమలకు భయపడి ఆవు వచ్చి పొగలో నిలబడుతుంది,
ఆవు పక్కన వీళ్ళిద్దరూ.
ముగ్గురికీ కళ్ళ నీళ్ళే. ఒక్కరూ కదలరు.

మొన్న మరీ కాసింది.
ముప్పై నాలుగు డిగ్రీలు, తాగేందుకు నీళ్ళు అడుగంటాయి.
"ఈసారి మీరూ రండి" అన్నాను.
పెరట్లో తలుపెత్తి, నిచ్చెన దిగి, బులూస్ లోకి.
ఏ ఎండా ముట్టని మన్ను. గోడల నిండా మంచు నూగు.
నవంబరులో సరస్సు మీద కోసి పేర్చిన గడ్డలు
చీకట్లో వరసగా, మూగగా.
కున్నేయ్ గొంతు తగ్గించింది, ఎవరో పడుకున్న ఇంట్లోలా:
"చలికాలం ఇక్కడ దాక్కుందా?"
ఐతాల్ అప్పటికే ఒక గడ్డకు ముక్కు ఆనించి ఉన్నాడు.
లోపల ఎర్రగా ఏదో.
వాడి చేతి తొడుగు!
నీళ్ళు గడ్డకట్టే రోజుల్లో ఒడ్డున పారేసుకొని
నా చేత తిట్లు తిన్నది.

గడ్డను పైకి తెచ్చి గంగాళంలో పెట్టాను.
దాని ముందు కూర్చున్నారు ఇద్దరూ.
వేలు పెట్టలేదు. పోట్లాడలేదు. నాన్నా అనలేదు.
ఈ వేసవిలో మొదటిసారి
బొట్టు బొట్టుగా కారడం వినిపించింది నాకు.
గొప్ప క్షణం, కళ్ళారా చూడాలనుకున్నాను,
గోడకు చేరగిలబడి నిద్రపోయాను.

లేచేసరికి అంతా అయిపోయింది.
"నాకు పట్టలేదు నాన్నా" అన్నాడు ఐతాల్,
వాన పడిందని చెప్పినట్టు.
వాడి వేళ్ళ వైపు చూశాను.
ఎప్పుడు పెరిగాయివి? నేను గిన్నెలు తోముతుంటేనా?
కున్నేయ్ దాన్ని ఎడమ కాలికి తొడుక్కొని
తడి అడుగులు వేసుకుంటూ ఆవుకు చూపించడానికి పోయింది.

రాత్రి తుయారా ఫోన్ చేసింది.
"ఏంటి విశేషాలు?"
"ఏం లేవు. చుక్కలు వేశాను."
పెట్టేశాక చీటీ ఊడదీసి తెచ్చి
మేకు పక్క సందుకు అంటించాను.
బయటి పొద్దు కాగితం వెనక నిలబడింది.
కొట్టేసిన గీతల కింద
అక్షరాలు మెల్లగా తేలుతున్నాయి,
మొదటిది, రెండోది...

"నాన్నా, నీళ్ళు."